టీకాకు బిడ్డ ఒక్కడే రాడు

(ఒక చిన్న పట్టణంలో జనరల్ ప్రాక్టీషనర్లు, నర్సులు, ఆశా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను సైకియాట్రిస్టుని కాను. జలుబు, జ్వరం, బీపీ, షుగరు చూసుకునే మామూలు డాక్టర్ని. అయినా ఈ విషయం మాట్లాడతానని నేనే అడిగాను. బాలింతకు మనసు బాగోలేదని ఎవరూ నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లరు. మన దగ్గరికే తెస్తారు. అదీ వేరే పేరుతో. ‘పాలు సరిగా పడటం లేదు’, ‘నడుం లాగేస్తోంది’, ‘గుండె దడ’, ‘అన్నం సహించడం లేదు’ అంటారు. మనం ఐరన్, కాల్షియం, ఒక బీకాంప్లెక్సు రాసి పంపేస్తాం.

నేనూ అలాగే పంపాను. తొలి కాన్పు అమ్మాయి ఒకామె, బిడ్డకు ఒకటిన్నర నెల టీకాకు వచ్చింది. మళ్లీ రెండున్నర నెలలకు వచ్చింది. రెండుసార్లూ బిడ్డ బరువు చూశాను, తొడకు సూది వేయించాను, జ్వరమొస్తే ఎన్ని చుక్కలు వేయాలో చెప్పాను. ‘తల్లి బాగా చిక్కిపోయింది సార్’ అని మా నర్సు అంటే, ‘మొదటి కాన్పు కదా, నిద్ర ఎక్కడుంటుంది’ అన్నాను. మూడున్నర నెలల టీకాకు బిడ్డను అమ్మమ్మ ఒక్కతే ఎత్తుకొచ్చింది. ‘మంచం దిగడం లేదు బాబూ. పిల్లాడు ఏడ్చినా అటు తిరగదు. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాం’ అంది. తర్వాత వైద్యం చేయిస్తే ఆ అమ్మాయి కోలుకుంది. కానీ ముందు రెండుసార్లూ నా బల్లకు అవతలే కూర్చుని ఉంది. నేను ఆమెను ఒక్క మాట అడగలేదు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బనుకోకండి. గోవాలో చేసి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కాన్పైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లుల్లో డిప్రెషన్ కనిపించింది. మన దేశంలోని అధ్యయనాలను కలిపి 2017లో లెక్క కడితే దాదాపు 22 శాతం తేలింది. పేదరికం, భర్త కొట్టడం ప్రమాదాన్ని పెంచుతాయని గోవా వాళ్లు చూపించారు. కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల పుట్టడం కూడా. ‘మళ్లీ ఆడపిల్లేనా?’ అన్న మాట మన వెయిటింగ్ హాల్లో వినని వారం ఉందా?

మూడు సంగతులు కలిపేయకండి. కాన్పైన మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో సర్దుకుంటుంది. పక్కన ఎవరైనా ఉండి ఆమెను కాసేపు పడుకోనిస్తే చాలు. ఆ గడువు దాటినా తగ్గకపోతే డిప్రెషనేమోనని చూడాలి. ఇక మూడోది సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. రాత్రంతా నిద్రపోకుండా తిరుగుతుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది, ఈ బిడ్డ నాది కాదంటుంది. రక్తస్రావమైతే ఎంత పరుగెడతామో, అప్పుడూ అంతే పరుగెత్తాలి. ఆ రోజే పంపాలి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

మరి ఎలా అడగాలి? బాలింతల్లో డిప్రెషన్‌ను పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేలు 1987 నుంచీ ఉంది, గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతుంది. బాగా పనికొస్తుంది. నిజం చెప్పాలంటే, సాయంత్రం ఓపీలో నలభై మంది కూర్చుని ఉంటే నేను పదీ అడగలేను. ఒక్కటి అడుగుతాను.

‘ఏమ్మా, నిద్ర పడుతోందా?’

‘బాబు లేస్తాడు కదా డాక్టరు గారూ.’

‘బాబు పడుకున్నాక నీకు పడుతోందా?’

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కొందరి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బిడ్డ హాయిగా నిద్రపోతున్నా తల్లికి కునుకు పట్టడం లేదంటే మిగతా తొమ్మిదీ అడగడానికి టైం దొరకబుచ్చుకోవాల్సిందే. ఆ పదిలో చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది, వదలకండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

అత్తగారో అమ్మో పక్కనుంటే జవాబు వాళ్లే చెప్పేస్తారు. ‘దానికేం, బాగానే ఉంది!’ అని. వాళ్లతో వాదించను. ‘పెద్దమ్మా, బాబును కాస్త బరువు చూపించుకు రండి’ అంటాను. తూకం పక్క గదిలో పెట్టించింది అందుకే. నాకు రెండు నిమిషాలు దొరుకుతాయి.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ తప్పకుండా చూడండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేస్తే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. మందు అవసరమైతే, డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్ పాలిచ్చే తల్లులకు తరచుగా వాడేదే, పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది. పాలు మాన్పించాలన్న భయంతో మందే మానేసేవాళ్లను చూశాను. తేలకపోతే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, ఫోన్ చేయించండి. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009 నుంచీ ఉంది.

ఇంట్లోవాళ్లకు నేను రాసిచ్చేది ఒకటే. రాత్రి ఒక పూట, నాలుగైదు గంటలు, బిడ్డను ఇంకెవరైనా చూసుకోవాలి. చీటీ మీద మందులతో పాటే రాస్తాను. మాటగా చెబితే మర్చిపోతారు, చీటీ మీదుంటే మందుల్లాగే పాటిస్తారు. భర్త వేరే ఊళ్లో ఉంటే ఆయనకు నేనే ఫోన్ చేస్తాను.

ఆశా అక్కలకు ఒక మాట. ఆసుపత్రి కాన్పైతే మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఆ ఇంటికి మీరు వెళ్తారు. మాకెవరికీ లేని అవకాశం అది. బిడ్డ బొడ్డు చూశాక తల్లిని ఆ నిద్ర ప్రశ్న అడగండి.

ఇంకొక చిక్కుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి పంపుతారు. ఊరు మారితే డాక్టరూ మారతాడు. ఇక్కడ మొదలుపెట్టిన వైద్యం బస్సెక్కేటప్పుడే తెగిపోతుంది. టీకా కార్డు మాత్రం ఎవరూ మరిచిపోరు. అందుకే మా నర్సు తల్లిని అడిగి, ఆమె సరేనంటే తల్లినీ చూడాలన్న గుర్తుగా కార్డు మూలన ‘త’ అని రాసి తేదీ వేస్తోంది. జబ్బు పేరు రాయదు. ఆ అక్షరంతో మీ దగ్గరికి ఎవరైనా వస్తే, తల్లి ఒప్పుకున్నాక నాకొక ఫోన్ చేయండి.