గెలిచినవాడికీ ఓడినవాడికీ ఒకే కొలబద్ద: అమెరికా చిన్న ట్రాకుల కార్ల పందేల్లో సాంకేతిక తనిఖీ

సభాధ్యక్షులకు, నార్త్ కరోలినాలోని ఈ షార్లెట్ పరిసరాల్లో ఇంజినీరింగ్ చదువుతున్న తెలుగు విద్యార్థినీ విద్యార్థులకు, సెలవు రోజు విశ్రాంతి మానుకుని వచ్చిన పెద్దలకు నమస్కారం.

షార్లెట్ అనగానే కార్ల పందేల మీద ఆసక్తి ఉన్నవారికి పెద్ద స్టేడియాలు, టీవీల్లో చూపించే నాస్కార్ (అమెరికాలో కార్ల పందేలు నిర్వహించే ప్రధాన సంస్థ) పోటీలు గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను మాట్లాడదలచింది వాటి గురించి కాదు. ఒక మైలుకు లోపు, చాలాచోట్ల పావు మైలు నుంచి అర మైలు వరకు మాత్రమే ఉండే అండాకారపు ట్రాకుల మీద వేసవి వారాంతాల్లో రాత్రిపూట జరిగే స్థానిక పందేల గురించి మాట్లాడతాను. విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే స్టేడియంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పరిచిన పావు మైలు ట్రాకు మీద 1949 నుంచి నాస్కార్ పేరుతో పందేలు జరుగుతున్నాయి. ఇక్కడికి గంట ప్రయాణంలో హికరీ ట్రాకు ఉంది. వీటిలో పోటీ చేసేవారిలో ఎక్కువమంది పగలు గ్యారేజీలోనో వెల్డింగ్ షాపులోనో పొలంలోనో పనిచేసి, రాత్రిళ్లు ఇంటి వెనక షెడ్డులో సొంత డబ్బుతో కారు సిద్ధం చేసుకునేవారే. గెలిచినా చేతికొచ్చే బహుమతి ఒక్కోసారి ఆ రాత్రి వాడిన టైర్ల ఖరీదుకు కూడా సరిపోదు.

అయినా వాళ్లు వారం వారం వస్తారు. వాళ్లను రప్పించేది ఒక నమ్మకం. పక్కవాడి కారు కూడా తన కారు పాటించిన నియమాలనే పాటించిందనే నమ్మకం అది. దాన్ని కాపాడే బాధ్యత ట్రాకు వెనక రేకుల షెడ్డులో కార్లను తనిఖీ చేసే టెక్ ఇన్‌స్పెక్టరుది. కొలవడానికి వీలులేని నియమాన్ని పుస్తకంలో రాయకూడదని, రాసిన నియమాన్ని మొదట వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకే పనిముట్టుతో కొలవాలని నా అభిప్రాయం. ఈ రెండింటిలో ఏది తప్పినా ముందుగా దెబ్బతినేది డబ్బు తక్కువగా ఉన్న పోటీదారుడే.

ఈ విషయంలో మొదటి పాఠం మనం ఉన్న ఈ ఊళ్లోనే జరిగింది. 1949 జూన్ 19న షార్లెట్ స్పీడ్‌వే అనే ముప్పావు మైలు మట్టి ట్రాకు మీద నాస్కార్ తన మొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ పందెం నిర్వహించింది. షోరూములో అమ్మే కార్లను మార్పులు చేయకుండా నడపాలన్నది నియమం. గ్లెన్ డన్నవే అనే డ్రైవరు 1947 ఫోర్డ్ కారులో అందరికంటే ముందు 200 ల్యాప్‌లు (ట్రాకు చుట్లు) ముగించాడు. పందెం తర్వాత తనిఖీ చేస్తే ఆ కారు వెనక స్ప్రింగులను ఎడం చేసి గట్టిపరిచినట్టు తేలింది. దొంగసారా రవాణా చేసేవారు బరువు ఎక్కించినప్పుడు కారు కుంగకుండా, మలుపుల్లో అదుపు తప్పకుండా ఉండడానికి అప్పట్లో చేసుకునే ఏర్పాటు అది. డన్నవే గెలుపును రద్దుచేసి, లింకన్ కారు నడిపిన కాన్సస్ వాసి జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. ఫోర్డ్ కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ 10,000 డాలర్లకు దావా వేస్తే న్యాయమూర్తి దాన్ని కొట్టివేశారు. ఆ దావా నెగ్గి ఉంటే ప్రతి శనివారం రాత్రి తీర్పు సోమవారం కోర్టు మెట్లెక్కేది, చిన్న ట్రాకు యజమాని ఎవరూ నియమాలు అమలు చేసే సాహసం చేసేవారు కాదు.

ఇక తనిఖీ ఎలా సాగుతుందో చూద్దాం. పందేనికి ముందు చూసేవాటిలో ప్రాణానికి సంబంధించినవి మొదట వస్తాయి. సీటు బెల్టు మీద పందెం కార్ల పరికరాలకు ప్రమాణాలు నిర్ణయించే ఎస్‌ఎఫ్‌ఐ సంస్థ ముద్ర, తేదీ ఉంటాయి. ఎస్‌ఎఫ్‌ఐ 16.1 ప్రమాణం కింద వచ్చే బెల్టుకు తయారైన నాటి నుంచి రెండేళ్లే గడువు, ఎందుకంటే ఎండ తగిలిన నేత బయటికి కొత్తగా కనిపిస్తూనే బలం కోల్పోతుంది. హెల్మెట్ మీద దాని నాణ్యతను ధ్రువీకరించే స్నెల్ సంస్థ ముద్ర, కిటికీకి కట్టే వల, ఇంధన ట్యాంకు బిగింపు, పంజరంలాంటి గొట్టాల చట్రంలో అతుకులు కూడా అప్పుడే చూడాలి. 2001 ఫిబ్రవరి 18న డేటోనా పందెంలో ప్రఖ్యాత డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ మరణించాక నాస్కార్ తల-మెడ రక్షణ పరికరాన్ని అదే ఏడాది అక్టోబరులో తన ప్రధాన పోటీల్లో తప్పనిసరి చేసింది. గడువు దాటిన బెల్టుతో వచ్చిన కుర్రవాడిని ‘ఈ ఒక్కసారికి’ అని వదిలేయడం దయ అనిపించవచ్చు. అలాంటి దయకు ఈ పనిలో చోటుండకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పందెం ముగిశాక కార్లు నేరుగా తూకం పలకల మీదికి రావాలి. మధ్యలో ఆగకూడదు, ఎవరూ కారును ముట్టుకోకూడదు. నాలుగు చక్రాల కింద నాలుగు పలకలు ఉంటాయి కాబట్టి మొత్తం బరువుతోపాటు ఎడమవైపు బరువు ఎంత శాతమో కూడా తెలుస్తుంది. ట్రాకు మీద మలుపులన్నీ ఎడమకే కనుక, బరువు ఎంతగా ఎడమకు జరిగితే కారు అంత వేగంగా తిరుగుతుంది. అందుకే లేట్ మోడల్ అనే రకం పందెం కార్ల తరగతులు కొన్నింటిలో ఎడమ బరువును 58 శాతానికి పరిమితం చేస్తారు. పందెంలో ఇంధనం ఖర్చై, టైర్ల రబ్బరు అరిగి బరువు తగ్గుతుంది కాబట్టి చాలా నియమావళులు ల్యాప్‌కు ఒక పౌండు చొప్పున తరుగు ఇస్తాయి. బరువు కోసం బిగించే సీసపు దిమ్మెలకు తెల్లరంగు వేసి, కారు నంబరు రాయాలి. ట్రాకు మీద దిమ్మె ఊడిపడితే అది ఎవరిదో తెలియాలన్నది ఒక కారణం. వెనక వచ్చే కారు అద్దంలోకి అది దూసుకెళ్తే ఏమవుతుందో ఊహించండి.

తర్వాత మొదటి మూడు నాలుగు స్థానాల కార్లు షెడ్డులోకి వస్తాయి. ఇంజిను ఇంకా సెగలు కక్కుతూ ఉంటుంది. ఇన్‌స్పెక్టరు ముందు ఎయిర్ క్లీనరు తీయించి, ఇంజినును మెల్లగా తిరగనిచ్చి, గాలిని ఇంధనంతో కలిపి ఇంజినుకు అందించే కార్బురేటరు నోటిని చదునైన పలకతో మూసేస్తాడు. గాలి లోపలికి వెళ్లే దారి అదొక్కటే అయితే ఇంజిను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గరగరలాడుతూ తిరుగుతూనే ఉంటే గాలి మరో దారిన వస్తోందన్నమాట. ఆ దారి ఎక్కడుందో వెతకడం అప్పుడు మొదలవుతుంది. తర్వాత కార్బురేటరును విప్పి బల్లమీద పెడతారు. అనేక తరగతుల్లో అనుమతించే హోలీ కంపెనీ 4412 మోడల్ కార్బురేటరుకు గాలి గొంతు వ్యాసం 1.375 అంగుళాలు. అంతకు వెంట్రుకవాసి ఎక్కువ వ్యాసంతో చేసిన ఉక్కు గేజి అందులో దిగకూడదు. దిగిందా, ఎవరో లోపల అరగదీశారని అర్థం. ఈ పరీక్షకు ఒక్క నిమిషం పట్టదు. కారు యజమాని కళ్లముందే జరుగుతుంది, వాదనకు తావుండదు. నా దృష్టిలో మంచి నియమం ఇలాగే ఉండాలి.

ఇంజిను లోపలికి వెళ్లేకొద్దీ పని కష్టమవుతుంది. సిలిండరు ఘనపరిమాణాన్ని పంపు పరికరంతో కొలవవచ్చు. స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా వాయువు పంపి, వచ్చే ఈల ధ్వనిని బట్టి కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండరులో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో) లెక్కకట్టే ‘విజిలర్’ అనే పరికరం కూడా ఉంది. కానీ కవాటాలను తెరిచే క్యామ్ షాఫ్టునో పిస్టన్లనో చూడాలంటే ఇంజినును విప్పాల్సిందే. అర్ధరాత్రి దాటాక, మర్నాడు పనికి వెళ్లాల్సిన మనుషులతో ఆ పని చేయించడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలోనే బిగించి, సీలు వేసి పంపే క్రేట్ ఇంజిన్లు వచ్చింది ఇందుకే. జనరల్ మోటార్స్ తయారుచేసే 602 ఇంజిను 350 హార్స్‌పవర్, 604 ఇంజిను 400 హార్స్‌పవర్ ఇస్తాయి. హెడ్లకు, ఇన్‌టేక్‌కు, ముందు మూతకు, ఆయిల్ ప్యానుకు సీలు బోల్టులు బిగించి వస్తాయి. సీలు చెక్కుచెదరకపోతే లోపల ఫ్యాక్టరీ సరుకే ఉన్నట్టు లెక్క. దీంతో ఇంజిన్ల ఖర్చు తగ్గి ఎందరో పందేల్లో నిలబడగలిగారు. అయితే మొదట్లో వాడిన బోల్టులకు నకిలీలు పుట్టుకొచ్చాయి. ఆ తర్వాత నిర్వాహకులు తీగ సీళ్లు, నంబర్ల సీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. సీలు ఇంజిన్లను నేను సమర్థిస్తాను గానీ, సీలును చూసి సరిపెట్టుకోవడాన్ని సమర్థించను. అప్పుడప్పుడు ఒక ఇంజినును ఎంచి, శక్తిని కొలిచే డైనమోమీటరు మీద పరీక్షించకపోతే ఆ సీలు ఉత్త అలంకారమే.

అన్నిటికంటే చిక్కైనది టైర్ల వ్యవహారం. రబ్బరును మెత్తబరిచే రసాయనాలు పూస్తే టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. డ్యూరోమీటరు అనే చేతి పరికరం గట్టిదనాన్ని చెబుతుంది. కానీ టైరు వేడెక్కితే ఆ అంకె తానే తగ్గుతుంది, కాబట్టి ఒక్క డ్యూరోమీటరును నమ్మి ఎవరినీ దోషి అనడానికి వీల్లేదు. అనుమానం వచ్చినచోట టైరు నుంచి చిన్న ముక్క కోసి, కవరులో వేసి సీలు చేసి ప్రయోగశాలకు పంపుతారు. ఇదే రాష్ట్రంలో లెనోయిర్‌లో ఉన్న బ్లూ రిడ్జ్ ల్యాబ్స్ ఇలాంటి పరీక్షలు చేస్తుంది. అక్కడ ముక్కను అదే రకం కొత్త టైరు నమూనాతో పోల్చి చూస్తారు. ఫలితం వచ్చేదాకా బహుమతి డబ్బు ఆపాల్సి ఉంటుంది, పాయింట్ల పట్టిక అటూ ఇటూ కాకుండా వేలాడుతుంది. పరీక్ష ఖర్చు చిన్న ట్రాకుకు భారమే. అయినా ఈ నియమం ఉండి తీరాలని నేనంటాను. కారణం న్యాయం ఒక్కటే కాదు. ఆ ద్రావకాల ఆవిరి మూసిన షెడ్డులో పీల్చేది టైర్లకు వాటిని పూసే మనిషే, చాలాసార్లు పక్కన నిలబడి సాయం చేస్తున్న అతని పిల్లలు కూడా.

ఇన్‌స్పెక్టరు చేయి పడకుండానే పనిచేసే నియమాలు కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు బాగా నచ్చింది క్లెయిమ్ నియమం. 1915లో మొదలైన, కార్ల పందేలు నిర్వహించే ఐఎంసీఏ సంస్థ 1979లో మోడిఫైడ్ అనే కార్ల తరగతిని ప్రారంభించి, దానికి ఈ పద్ధతిని వాడింది. పందెం తర్వాత అర్హత ఉన్న మరో పోటీదారుడు పుస్తకంలో రాసిన ధర చెల్లించి విజేత ఇంజినును కొనేయవచ్చు. అమ్మనంటే బహుమతి, పాయింట్లు పోతాయి. తక్కువ ధరకు ఎవరైనా ఎగరేసుకుపోగల ఇంజిను మీద వేలకు వేలు ఎవరు పోస్తారు? ఇక ప్రొటెస్ట్ నియమం ప్రకారం డబ్బు కట్టి పక్కవాడి కారును విప్పించవచ్చు. దోషం దొరికితే కట్టిన డబ్బు తిరిగొస్తుంది, దొరక్కపోతే విప్పించుకున్నవాడికి దక్కుతుంది. ఫీజు మరీ తక్కువైతే కక్షసాధింపుకు, మరీ ఎక్కువైతే ధనవంతుల రక్షణకు పనికొస్తుంది.

నియమం ఎంత బాగున్నా అమలు చేసేది మనిషి. ఇన్‌స్పెక్టరుకు పోటీదారులందరూ ముఖపరిచయం ఉన్నవారే. ట్రాకు యజమానికి వాళ్లు ఖాతాదారులు కూడా. ఒకరిని అనర్హుడిని చేస్తే వచ్చేవారం అతను, అతని ఇద్దరు స్నేహితులు మరో ట్రాకుకు వెళ్లిపోవచ్చు. పన్నెండు కార్లు కూడా రాని తరగతిలో మూడు కార్లు తగ్గడం యజమానికి పెద్ద దెబ్బ. చూసీచూడనట్టు పోవాలన్న ఒత్తిడి ఇక్కడినుంచే పుడుతుంది.

ఈ ఒత్తిడికి లొంగని ఉదాహరణ ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ఉంది. అక్కడి ఫైవ్ ఫ్లాగ్స్ అనే అర మైలు ట్రాకు మీద 1968 నుంచి ప్రతి శీతాకాలంలో స్నోబాల్ డెర్బీ జరుగుతుంది. 2013లో 300 ల్యాప్‌ల తర్వాత ముందుగా గీత దాటినవాడు చేజ్ ఎలియట్. 1988 నాస్కార్ చాంపియన్ బిల్ ఎలియట్ కొడుకు, అంతకు రెండేళ్ల ముందే అదే పందెం గెలిచినవాడు. అతని కారులో సీసానికి బదులు టంగ్‌స్టన్ ముక్క దొరికింది. టంగ్‌స్టన్ సాంద్రత సీసం కంటే ఒకటిన్నర రెట్లకు పైనే, ధర ఎన్నో రెట్లు. కాబట్టి నియమావళి దాన్ని నిషేధించింది. గెలుపు రద్దయింది, ఎరిక్ జోన్స్ విజేత అయ్యాడు. 2019లో కూడా ముందు వచ్చిన స్టీఫెన్ నాస్ బ్రేకు భాగం విషయంలో అనర్హుడై, ట్రావిస్ బ్రేడెన్ విజేత అయ్యాడు. ఇలాంటప్పుడల్లా ‘దానివల్ల కారు వేగం ఏమైనా పెరిగిందా?’ అని అభిమానులు అడుగుతారు. బాధలోంచి వచ్చే ప్రశ్న అది, అర్థం చేసుకోవచ్చు. కానీ ఇన్‌స్పెక్టరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే ప్రతి కేసులోనూ లాభమెంతో అంచనా కట్టాలి, ఆ అంచనా పరిచయాన్ని బట్టి మారుతుంది. భాగం పుస్తకంలో ఉన్నట్టు ఉందా లేదా అన్నంతవరకే అతను తేల్చాలి.

అదే సమయంలో ట్రాకు మీద కూడా బాధ్యత ఉంది. సంతలో తూకం రాళ్ల మీద తూనికలు కొలతల శాఖ ముద్ర చూసి నమ్మినట్టే, డ్రైవరు ఇన్‌స్పెక్టరు గేజిని నమ్మగలగాలి. కాబట్టి తూకం పలకలను ప్రతి రాత్రి తెలిసిన బరువులతో సరిచూడాలి. పందేనికి ముందు వాటిమీద తమ కారును తూచుకునే అవకాశం అందరికీ ఇవ్వాలి. సీజను మధ్యలో నియమం మార్చితే రాతపూర్వకంగా, ఒకే రోజు అందరికీ చెప్పాలి. ఎవరిని ఎందుకు అనర్హులను చేశారో కొలిచిన అంకెతో సహా ప్రకటించాలి. అప్పీలు వినేది అదే ఇన్‌స్పెక్టరు కాకూడదు.

ఇన్ని పనులకు అనేక ట్రాకుల్లో ఉండేది ఒకరిద్దరు మనుషులే. అనుభవమున్న ఇన్‌స్పెక్టర్లు వయసు మీదపడి తప్పుకుంటుంటే కొత్తవారు రావడం లేదు. మీలో కొందరు యూఎన్‌సీ షార్లెట్‌లో మోటార్‌స్పోర్ట్స్ ఇంజినీరింగ్ చదువుతున్నారు. ఇండియాలో ఉండగా ఇంజినీరింగ్ విద్యార్థుల బాహా పోటీలకు బండి తయారుచేసి మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ దాకా తీసుకెళ్లినవారు కూడా ఉండి ఉంటారు, తనిఖీ బల్ల అవతల నిలబడిన ఆ అనుభవం ఇవతలి పనికి బాగా పనికొస్తుంది. ఆసక్తి ఉంటే శనివారం మధ్యాహ్నమే దగ్గరి ట్రాకుకు వెళ్లి, కార్లు, వాటి సిబ్బంది లోపలికి వెళ్లే పిట్ గేటు దగ్గర సంతకం పెట్టి పాస్ తీసుకుని, టెక్ ఇన్‌స్పెక్టరును కలవండి. తూకం పలకల దగ్గర అంకెలు రాసుకునే పని, టైర్ల నంబర్లు నమోదు చేసే పని మొదట ఇస్తారు. పందెం అయిపోయాక షెడ్డులో నిలబడి చూడనిమ్మని అడగండి.

ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.