అరెస్టు చేశారా, చూపించారా?

మేనకోడలు: అందరికీ నమస్తే. ఈ వారం కూడా మా మామయ్యే దొరికారు. ముప్పై ఏళ్లు క్రిమినల్ కోర్టుల్లో తిరిగిన మనిషి. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమనుకోకండి, వంటింటి పక్క గదే మా స్టూడియో. మామయ్యా, రహస్య నిర్బంధం గురించి మాట్లాడదామన్నారు కదా?

మామయ్య: అవును. ముందు నిన్నో మాట అడుగుతా. మన తెలుగు పేపర్లలో ‘అరెస్టు చేశారు’ అని రాస్తారు, ‘అరెస్టు చూపించారు’ అనీ రాస్తారు. తేడా ఏంటి?

మేనకోడలు: రెండూ ఒకటే కాదా?

మామయ్య: కాదమ్మా. సోమవారం రాత్రి ఇంట్లోంచి తీసుకెళ్తారు. గురువారం అరెస్టు చూపిస్తారు. ఆ మధ్య మూడు రోజులూ ఆ మనిషి ఏ కాగితం మీదా ఉండడు. భార్య స్టేషన్‌కి వెళ్తే ‘మా దగ్గర లేడమ్మా’ అంటారు. నేను హెబియస్ కార్పస్, అంటే ‘మనిషిని కోర్టు ముందుకు తెండి’ అనే పిటిషన్, వేసిన రోజుల్లో ఎక్కువగా విన్న జవాబు అదే. రాజ్యాంగం 22వ అధికరణ 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందుకు తేవాలంటుంది. ఆ గడియారం తిరగాలంటే ముందు కాగితం మీద అరెస్టు ఉండాలి కదా! అందుకే కాగితాన్నే ఆపేస్తారు.

మేనకోడలు: అంటే రహస్య నిర్బంధం ఎక్కడో అమెరికా వాళ్ల వ్యవహారం అనుకోనక్కర్లేదన్నమాట.

మామయ్య: వాళ్లు దాన్ని విమానం ఎక్కించారు, అంతే. ఖాలిద్ ఎల్-మస్రీ కథ చెప్తా విను. లెబనాన్ మూలాలున్న జర్మన్ పౌరుడు. ఉల్మ్ అనే ఊళ్లో భార్యాపిల్లలతో ఉండేవాడు. 2003 డిసెంబర్ 31న బస్సులో మాసిడోనియా, అదే ఇప్పటి ఉత్తర మాసిడోనియా, వెళ్తుంటే సరిహద్దులో దింపేశారు. ఎవరో అల్-ఖైదా అనుమానితుడి పేరు, ఈయన పేరు దగ్గరదగ్గరగా ఉన్నాయి.

మేనకోడలు: పేరు కలిసినందుకా?

మామయ్య: పేరు కలిసినందుకే! ఆ దేశ రాజధాని స్కోప్యేలో ఒక హోటల్ గదిలో 23 రోజులు పెట్టారు. జైలు కాదు, స్టేషన్ కాదు, హోటల్. తలుపు దగ్గర వంతులవారీగా కాపలా. 2004 జనవరి 23 రాత్రి విమానాశ్రయంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వాళ్లకు అప్పగించారు. బట్టలు కోసేశారు, కొట్టారు, డైపర్ తొడిగారు, తలకి ముసుగేశారు. అక్కణ్నుంచి అఫ్గానిస్తాన్. కాబూల్ దగ్గర ‘సాల్ట్ పిట్’ అనే సీఐఏ రహస్య జైల్లో నాలుగు నెలలు. ఆయన నిరాహారదీక్ష చేస్తే ముక్కులోంచి గొట్టం పెట్టి ఆహారం పోశారు.

మేనకోడలు: మరి ఎలా బయటికొచ్చారు?

మామయ్య: పొరపాటు మనిషిని పట్టుకున్నామని వాళ్లకే తెలిసింది. తెలిశాక కూడా వెంటనే వదల్లేదనుకో. మే నెలాఖరులో కళ్లకు గంతలు కట్టి, విమానంలో తెచ్చి, అల్బేనియాలో ఒక కొండదారిలో రాత్రిపూట దింపేశారు. ఇల్లు చేరేసరికి ఇంట్లో ఎవరూ లేరు. భర్త వదిలేసి పోయాడనుకుని ఆవిడ పిల్లల్ని తీసుకుని లెబనాన్ వెళ్లిపోయింది.

మేనకోడలు: అయ్యో…

మామయ్య: నాకు ఆసక్తి అంతా దీని తర్వాతే. మాసిడోనియా ప్రభుత్వం ఏమందో తెలుసా? ‘మా రికార్డుల్లో ఉంది చూడండి, జనవరి 23న కొసోవో వైపు సరిహద్దు దాటి వెళ్లిపోయాడు’ అంది. అదిగో, అదే ‘మా దగ్గర లేడమ్మా’.

మేనకోడలు: కాగితం వాళ్ల చేతిలోనే ఉందిగా. మరెలా రుజువు చేశారు?

మామయ్య: జుట్టుతో! జర్మనీ దర్యాప్తులో ఆయన వెంట్రుకల్ని పరీక్ష చేయించారు. దక్షిణాసియా దేశంలో కొంతకాలం గడిపాడని, చాలా రోజులు తిండి లేదని ఆయన చెప్పినదానికి ఆ ఫలితం సరిపోయింది. ఇంక విమానాల లాగ్‌లు, అంటే రాకపోకల రికార్డులు. జనవరి 23 రాత్రి 8.51కి ఒక బోయింగ్ 737 స్కోప్యేలో దిగింది. మూడు గంటలు దాటాక బయల్దేరి బాగ్దాద్, అక్కణ్నుంచి కాబూల్. పోలీసు రికార్డు అబద్ధం రాసుకోవచ్చు, విమానం మాత్రం ఎక్కడ దిగినా రాతకు ఎక్కుతుంది. ఆయన్ని పట్టుకున్నప్పుడు మాసిడోనియా హోంమంత్రిగా ఉన్న హరి కోస్తోవ్ కూడా, అమెరికా అడిగితేనే పట్టుకున్నామని 2010లో రాసిచ్చాడు.

మేనకోడలు: అమెరికాలో కేసు వెయ్యలేదా?

మామయ్య: వేశారు. ప్రభుత్వ రహస్యాలు బయటపడతాయని అక్కడి కోర్టులు విచారణ దాకా రానివ్వలేదు. 2007లో సుప్రీంకోర్టు కూడా తీసుకోలేదు. చివరికి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2012 డిసెంబర్ 13న మాసిడోనియాను తప్పుపట్టింది. 17 మంది జడ్జీలు, ఒకే తీర్పు. విమానాశ్రయంలో జరిగింది చిత్రహింసే అంది. 60 వేల యూరోల పరిహారం. మాసిడోనియా క్షమాపణ చెప్పింది మాత్రం 2018లో.

మేనకోడలు: కానీ అసలు చేసింది అమెరికా కదా! మధ్యలో ఆ చిన్న దేశానికి శిక్షేంటి?

మామయ్య: అక్కడే నాకూ కడుపు మండేది. అమెరికా ఆ కోర్టు పరిధిలో లేదు. తలుపు తీసినవాడు దొరికాడు, దోచినవాడు దొరకలేదు. అలాగని తీర్పు దండగ అనను. ‘నన్ను ఇలా చేశారు’ అని ఎల్-మస్రీ ఎనిమిదేళ్లు మొత్తుకున్నాడు. అది నిజమేనని ఒక కోర్టు ముద్రేసి చెప్పింది. తర్వాత ఇదే దారిలో పోలండ్, రొమేనియా, లిథువేనియాల మీద కూడా తీర్పులొచ్చాయి. 2014లో అమెరికా సెనేట్ కమిటీయే లెక్క చెప్పింది: సీఐఏ పట్టుకున్నవాళ్లు 119 మంది, అందులో కనీసం 26 మందిని పట్టుకోవడం వాళ్ల సొంత నిబంధనలకే విరుద్ధం.

మేనకోడలు: ఇలా మనుషుల్ని మాయం చేయకూడదని ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది కదా. మన సంగతేంటి?

మామయ్య: 2006లో ఆమోదించారు. మనం 2007లో సంతకం పెట్టాం, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. తాంబూలాలు పుచ్చుకున్నాం, ముహూర్తం రాలేదు. అమెరికా అయితే సంతకమే పెట్టలేదనుకో. మనకి ఇంట్లో ఉన్న ఆయుధం 1996లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె. బసు తీర్పు. అరెస్టు మెమో రాయాలి, అందులో తేదీ, టైము వెయ్యాలి, సాక్షి సంతకం ఉండాలి, బంధువులకు చెప్పాలి. ఆ టైము గడి ఖాళీగా ఉన్న మెమోలు నేను ఎన్ని చూశానో!

మేనకోడలు: ఖాళీగానా?

మామయ్య: తర్వాత నింపుకోవడానికి. వచ్చేవారం ఒక పాత ఫైలు తెస్తా, పేర్లు తీసేసి చదువుదాం.

మేనకోడలు: తప్పకుండా తేవాలి. ఈలోగా కుక్కర్ కట్టేసి వస్తా, నాలుగో విజిల్ అయింది.