‘నా మిగులు భూమి’ అంటే ఎవరి భూమి?

పెద్దలకు, రైతులకు, దస్తావేజులు రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా కోనసీమలో దస్తావేజులు రాశాను. ఈ రోజు చివరి పేజీ గురించి మాత్రమే మాట్లాడతాను. దస్తావేజు చేతికి రాగానే పేర్లు చూస్తాం, రొక్కం చూస్తాం, ఫొటోలు, వేలిముద్రలు చూస్తాం. చివరి పేజీలోని షెడ్యూలు, అంటే భూమి వివరాలు, హద్దులు రాసే చోటు దగ్గరకొచ్చేసరికి ‘పాత కాగితంలో ఉన్నదేగా’ అని తిప్పేస్తాం. అమ్మింది ఏ భూమో చెప్పేది ఆ పది లైన్లే కదా!

ఒక సంగతి చెబుతాను. ఒకాయనకు ఎకరం ఇరవై సెంట్ల చెక్క ఉండేది. 1974లో దక్షిణం వైపు 40 సెంట్లు అమ్మారు. హద్దులు ఇలా రాయించారు: తూర్పు పుంత, దక్షిణం పంట బోదె, పడమర సత్తెయ్య గారి చేను, ఉత్తరం నా మిగులు భూమి. అంతా సరిగ్గానే ఉంది. 1996లో ఆ 40 సెంట్లు కొన్నాయన ఇంకొకరికి అమ్మారు. దస్తావేజు రాసిన మనిషి పాత షెడ్యూలు ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా దించాడు. ఉత్తరం: నా మిగులు భూమి.

ఇప్పుడా ‘నా’ ఎవరు? కొత్తగా అమ్మినాయన. ఆయనకు ఉత్తరాన ఒక్క సెంటు కూడా లేదు. ఆయన పోయాక పిల్లలు ఆ కాగితం తీసి, ‘మా నాన్నకు ఇక్కడ ఇంకా భూమి ఉంది’ అంటూ 80 సెంట్ల మీదికొచ్చారు. దావా పడింది, కోర్టు కమిషనర్ వచ్చారు, సర్వేయర్ గొలుసు లాగారు. చివరికి 1974 నాటి లింకు డాక్యుమెంటు, అంటే అంతకుముందు అమ్మకం నాటి పాత దస్తావేజు చూస్తేనే తేలింది. ఈలోగా ఒకే బోదె నీళ్లు వాడుకునే రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. ఒకరింటి పెళ్లికి ఇంకొకరు వెళ్లలేదు.

ఆ 1996 దస్తావేజు రాసింది నేనే. అందుకే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

సర్వే నంబరు తప్పు పడితే నష్టం ఇంకో దారిలో వస్తుంది. 118/3 అమ్మి కాగితంలో 118/2 రాశామనుకోండి. ఈసీ అంటే ఒక ఆస్తి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే పత్రం. పొలాలకు ఈసీ వెతికేది ఎక్కువగా సర్వే నంబరుతోనే. 118/3కి ఈసీ తీస్తే మీ కొనుగోలు కనబడదు. అమ్మినవాడికి దురాశ పుడితే అదే భూమి ఇంకొకరికి అమ్మగలడు. కొనేవాడు ఈసీ చూసుకుని, శుభ్రంగా ఉందని నమ్మి డబ్బు పోస్తాడు. మోసపోయినవాళ్లు ఇద్దరూ కొట్టుకుంటారు.

ఆస్తిని గుర్తుపట్టేంత వివరం ఉండాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. కానీ సబ్ రిజిస్ట్రార్ మన పొలం గట్టుకొచ్చి చూడరు. రాసేవాళ్లు, రాయించేవాళ్లే చూసుకోవాలి.

కోర్టులు కొంత ఆదుకుంటాయి. బీహారు కేసు ఒకటుంది. అమ్మకపు సర్టిఫికెట్‌లో ప్లాటు నంబరు 160 బదులు 1060 అని పడింది. హద్దులు మాత్రం సరిగ్గా ఉన్నాయి. నంబరు తప్పు పడింది గానీ భూమి ఏదో తెలుస్తూనే ఉందని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే హద్దులు గట్టిగా ఉంటే నంబరు తప్పును కాపాడతాయి. ఆ హద్దులు కూడా పాత కాగితం నుంచి దించినవే అయితే కాపాడేదేముంది?

సవరణ దస్తావేజు రాయించుకుంటే సరిపోతుందంటారు. అమ్మినవారు బతికుండి, మంచి మనసుతో వస్తే సరిపోతుంది. పోయి ఉంటే వారసులందరూ సంతకం పెట్టాలి. ఒకడు డల్లాస్‌లో ఉంటాడు, తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం, పవర్ పంపడానికి బేరం పెడతాడు. ఒప్పుకోకపోతే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద దావా వేయాలి. మధ్యలో నిజాయితీగా డబ్బు పోసి కొన్న మూడో మనిషి ఉంటే, అతని హక్కుకు భంగం కలగకుండానే కోర్టు సవరణ ఇస్తుంది. కూతురి చదువు లోనుకని బ్యాంకుకు వెళ్లి, అక్కడ నంబరు తప్పని తెలుసుకుని, ఆ టెన్షన్‌తో నా దగ్గరికొచ్చిన ఒక తల్లిని చూశాను. అయిదుగురు వారసుల గడపలు ఎక్కి దిగేసరికి అడ్మిషన్ గడువు దాటిపోయింది.

ఇంకో రకం కూడా ఉంది. నాలుగెకరాల సర్వే నంబరులో ‘60 సెంట్లు’ అని ఊరుకుంటారు. ఏ మూల 60 సెంట్లు? రోడ్డు పక్కదా, వెనక పల్లపుదా? ధరలో ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎఫ్.ఎం.బి. పటం, అంటే సర్వే శాఖ వారి పొలం కొలతల పటం మీద ఆ ముక్క గీసి, కొలతలు వేసి, దస్తావేజుకు జత చేయండి. హద్దులో మనిషి పేరు రాస్తే ఇప్పుడు సాగులో ఉన్నవారి పేరు, పక్కనే వారి సర్వే నంబరు రాయండి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్తగా ఇచ్చిన ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరుతో పాటు పాత సర్వే నంబరూ వేయండి. లేకపోతే రేపు లింకు దొరకదు.

భోజనాలయ్యాక బయటికి వెళ్దాం. ఈ హాలు వెనక చేను ఆసామి తన దస్తావేజు, ఎఫ్.ఎం.బి. నకలు ఇచ్చారు. టేపు నేను తెచ్చాను. కాగితం చేత్తో పట్టుకుని తూర్పు గట్టు నుంచి మొదలుపెడదాం. ఎండగా ఉంది, తువ్వాళ్లు తెచ్చుకోండి.