డెల్టా నవలలో నీటిని ఎలా చదవాలి?

(తెర మీద: ధవళేశ్వరం బ్యారేజీ, పైనుంచి)

గోదావరి ఒడ్డున జరిగే నవలల్లో ఏటి వర్ణన రాగానే రెండు పేరాలు దాటేసి కథలోకి వెళ్ళిపోవడం చాలామందికి అలవాటు. ఈసారి పెన్సిలు పట్టుకుని కూర్చోండి. గట్టు తెగినా, రేవు దాటించే పంటు ఆగినా, చేను మునిగినా, నీరు పని చేసిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. వెన్నెల్లో ఊరికే మెరిసినచోట వద్దు.

తర్వాత కథాకాలం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కథ ఆ తర్వాతిదైతే, అందులోని పచ్చని వరిచేలు లాకులు ఎత్తితే వచ్చిన పచ్చదనం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కోనసీమను మనిషి చెయ్యి తగలని ప్రకృతి అనుకుంటే కాలువ తవ్విన కూలీ, పూడిక తీసే మనిషి, నీటి వంతు చూసే లస్కరు ఎవరూ కనబడరు. శివారు భూముల రైతుకు నీరందక పుట్టే గొడవ కూడా ఉత్త పాతకక్షలా కనిపిస్తుంది.

(తెర మీద: ఎండిన కాలువ, గుర్రపుడెక్క)

నెలలూ చూడండి. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మరమ్మతులు అప్పుడే. మే నెలలో నిండు కాలువ మీద పడవ ప్రయాణం రాసి ఉంటే అనుమానించండి. అది గోదావరి గౌతమి పాయో, వశిష్ఠ పాయో అయితే సరే.

(తెర మీద: వరదలో లంక)

వరద ఘట్టం దగ్గర ఆగి చదవండి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏటిగట్టుకు ఊరివైపు ఉన్నవాళ్ళు మూడో హెచ్చరికకు గట్టెక్కి వరద చూస్తుంటే, ఏటి మధ్య లంకలో ఉన్నవాళ్ళు అంతకు చాలా ముందే గొడ్లను తోలుకుని బయటపడాలి. రచయిత గట్టుకు ఏవైపు నిలబడి రాశాడో మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. నా దృష్టిలో ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న లేదు.

తుఫానుకు లెక్క వేరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. దేశవాళీ మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు. నవలలో ఆ కుటుంబం రెండేళ్ళకే కొబ్బరి మీద కూతురి పెళ్ళి చేస్తే ఆ డబ్బు ఎక్కడిదో వెతకాలి. అప్పా, అమ్మిన పొలమా, గల్ఫ్ నుంచి వచ్చిందా?

చివరికి వరిచేను రొయ్యల చెరువైతే, చెరువు యజమానిని వదిలి పక్క చేనుకు వెళ్ళండి. ఉప్పు ఊరి ముందు పాడయ్యేది అదే. ఆ రైతుకు నవలలో పేరుందా?