రీబూట్ కొడితే రెయిడ్ దానంతటదే లేస్తుందా? ఎండీఏడీఎం రివ్యూ

నమస్కారం అండీ. రెండు డిస్కులు పెట్టి రెయిడ్ వన్, అంటే ఒకే డేటాను రెండింటి మీదా రాసే ఏర్పాటు చేశారు, ఫార్మాట్ చేశారు, మౌంట్ చేశారు, ఫైళ్లన్నీ ఎక్కించారు. అంతా బ్రహ్మాండం. ఒక్కసారి రీబూట్ కొట్టగానే ఆ డిస్కుల జట్టు, అదే ఎండీ జీరో, మాయం! లైనక్స్‌లో రెయిడ్‌ను కట్టి నడిపే టూల్ ఎండీఏడీఎంను ఈ వీడియోలో ఆ ఒక్క పని వరకే రివ్యూ చేద్దాం. బూట్ అయ్యేటప్పుడు మనం చెప్పకుండానే అర్రేను, అంటే ఆ డిస్కుల జట్టును లేపుతుందా, లేదా?

కంగారు పడే ముందు రెయిడ్ పరిస్థితి చూపించే స్లాష్ ప్రాక్ స్లాష్ ఎండీస్టాట్ ఫైల్‌ను ఒకసారి క్యాట్ కమాండ్‌తో తెరిచి చూడండి. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. ఎండీ 127, యాక్టివ్, రెయిడ్ వన్. చివర్న బ్రాకెట్లో రెండు యూలు, అంటే రెండు డిస్కులూ బాగానే ఉన్నాయి. అర్రే ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుని కూర్చుంది. పక్కన ఆటో రీడ్ ఓన్లీ అని ఉన్నా టెన్షన్ వద్దు. దాని మీద ఏదైనా రాయగానే అదే పోతుంది.

ఈ విషయంలో ఎండీఏడీఎంకి మార్కులు వేయాల్సిందే. ఏ డిస్కు ఏ అర్రేదో ఆ డిస్కు మీదే, సూపర్‌బ్లాక్ అనే చిన్న భాగంలో రాసి ఉంటుంది. కేబుళ్లు అటూ ఇటూ మార్చినా, డిస్కు పేరు ఎస్‌డీఏ కాస్తా ఎస్‌డీసీ అయినా దానికి పట్టదు. డిస్కు కనబడగానే, డివైస్‌లను కనిపెట్టే యూడెవ్ దీన్ని పిలుస్తుంది, ఇది సూపర్‌బ్లాక్ చదివి అర్రేను కడుతుంది. పాత గైడ్లలో పార్టిషన్ టైప్ ఎఫ్‌డీ పెట్టమని ఉంటుంది చూశారూ, అది కర్నెల్ సొంతంగా వెతుక్కునే రోజుల నాటిది, సూపర్‌బ్లాక్ పాత ఫార్మాట్ అయిన 0.90 మెటాడేటాకే పనికొస్తుంది. ఇప్పుడు డిఫాల్ట్ 1.2. ఆ ఎఫ్‌డీ జోలికి పోకండి.

మరి 127 ఎక్కణ్నుంచి వచ్చింది? ఎండీఏడీఎం సెట్టింగులుండే కాన్ఫ్ ఫైల్లో మన అర్రే లైన్ లేదు. లైన్ లేకపోతే 127 నుంచి కిందికి దిగుతూ ఖాళీగా ఉన్న నంబరు ఇచ్చేస్తుంది. ఎండీఏడీఎం డిటెయిల్ స్కాన్ కమాండ్ ఇచ్చే లైన్‌ను కాన్ఫ్ చివర చేర్చండి. ఉబుంటులో ఆ ఫైల్ ఈటీసీలో ఎండీఏడీఎం ఫోల్డర్ లోపల, ఫెడోరాలో నేరుగా ఈటీసీలోనే. ఆ లైన్‌ను ఫైల్లోకి పంపే గ్రేటర్ దన్ గుర్తు రెండుసార్లు కొట్టాలి సుమా, ఒక్కటే కొడితే పాత ఫైల్ తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఇంత చేసి రీబూట్ కొట్టినా మళ్లీ 127 రావచ్చు! బూట్ మొదట్లో చదివేది మనం దిద్దిన ఫైల్‌ను కాదు, బూట్‌కు ముందుగా లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉన్న దాని పాత కాపీని. ఉబుంటులో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ హైఫన్ యూ, ఫెడోరాలో డ్రాకట్ హైఫన్ ఎఫ్ కొడితేనే కొత్తది లోపలికి వెళ్తుంది. ఆ సంగతి టూల్ ఒక్క ముక్క చెప్పదు. చిన్న హెచ్చరిక ఇస్తే దాని సొమ్మేం పోయింది? దీనికే ఐదులో ఒక మార్కు కోసేశాను.

పేరు ఇలా మారిపోవచ్చు కాబట్టి, బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎండీ జీరో అని రాయొద్దు, మారని గుర్తింపు నంబరు యూయూఐడీ రాయండి. అదీ ఎండీఏడీఎం చూపించేది కాదు, బీఎల్‌కేఐడీ కమాండ్ ఆ ఎండీ డివైస్‌కు చూపించే ఫైల్‌సిస్టమ్‌ది. కోలన్లు కనబడితే అది అర్రేది, మనకు అక్కర్లేదు. డేటా డిస్కులే అయితే, అవి రాకున్నా బూట్ ఆగొద్దని చెప్పే నోఫెయిల్ కూడా తగిలించండి. లేదంటే అర్రే రాని రోజు, బూట్ పనులు నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. మానిటర్ లేని సర్వర్ అయితే ఇక అంతే సంగతులు.

చివరి టెస్ట్. మెషీన్ ఆపేసి, ఒక డిస్కు కేబుల్ తీసి ఆన్ చేయండి. బ్యాకప్ ఉంటేనే అండోయ్! రాని డిస్కు కోసం సిస్టమ్‌డీ టైమర్ 30 సెకన్లు చూస్తుంది, ఆ తర్వాత ఉన్న డిస్కుతోనే అర్రేను లేపుతుంది. ఎండీస్టాట్‌లో ఒక యూ బదులు అండర్‌స్కోర్ వస్తుంది. డిస్కు మళ్లీ పెట్టి రీ-యాడ్ చేయండి. ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ ఉంటే ఈలోపు మారిన భాగాలే సింక్ అవుతాయి, డిస్కు మొత్తం కాదు.