హార్లెంలో ఆ ఇంటి మెట్లు | బెన్నీ గోల్సన్ ఎవరో తెలుసా? | న్యూజెర్సీ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా! మా అత్తయ్యగారు "ఎప్పుడూ ఆ కాస్ట్‌కోయేనా, ఊరు చూపించవే" అంటున్నారని ఈ శనివారం న్యూయార్క్‌లోని హార్లెం వచ్చేశాం. ఇదిగో 126వ వీధి, 17వ నంబర్ ఇల్లు. వీటిని బ్రౌన్‌స్టోన్ ఇళ్ళంటారు, రోడ్డు మీంచి నేరుగా పై అంతస్తుకి మెట్లుంటాయి. 1958 ఆగస్టులో పొద్దున్న పదింటికి 57 మంది జాజ్ సంగీతం వాళ్ళని ఈ మెట్ల దగ్గర నిలబెట్టి ఆర్ట్ కేన్ ఒకే ఫొటో తీశాడు, రాత్రంతా క్లబ్బుల్లో వాయించేవాళ్ళు పదింటికి లేచి రావడమే గొప్ప.

టెర్మినల్ సినిమా చూశారుగా, టామ్ హాంక్స్ ఎయిర్‌పోర్టులో ఇరుక్కుపోతాడు? వాళ్ళ నాన్నకి ఈ ఫొటోలో అందరి సంతకాలూ దొరికి ఒక్కాయనది మిగిలిపోతుంది, ఆ ఒక్కాయనే బెన్నీ గోల్సన్, సినిమాలో నిజంగా ఆయనే కనిపిస్తాడు.

పుట్టింది 1929లో, ఫిలడెల్ఫియాలో. సాక్సఫోన్ అంటే మనకి కద్రి గోపాలనాథ్ గారే కదా, ఈయనా వాయిస్తాడు కానీ అసలు పనితనం అరేంజ్‌మెంట్‌లో, అంటే ఏ వాయిద్యం ఎక్కడ అందుకోవాలి ఎక్కడ ఆగాలి అన్నీ కాగితం మీద రాసిపెట్టడం. డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీ బ్యాండులో చేరగానే లీ మోర్గన్, బాబీ టిమన్స్, జిమీ మెరిట్‌లని తెచ్చి పెట్టాడు, ముగ్గురూ ఫిలడెల్ఫియా వాళ్ళే! మనవాళ్ళు కంపెనీలో చేరగానే రూమ్మేట్లందరికీ రిఫరల్ ఇచ్చినట్టే, బోనస్ ఒక్కటే తక్కువ 😄

ఇందాక దాటొచ్చాం చూడండి అపోలో థియేటర్, 1956లో అక్కడ డిజీ గిలెస్పీ బ్యాండుతో వాయిస్తున్నప్పుడే తెలిసిందట, ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్ కారు యాక్సిడెంట్‌లో పోయాడని. పాతికేళ్ళే. ఆ దిగులుతో కట్టిన ట్యూన్ 'ఐ రిమెంబర్ క్లిఫర్డ్', ఒక్కసారి వినండి, నేను వంటచేస్తూ పెట్టుకుని పప్పు మాడ్చేశాను.

అన్నట్టు రాత్రి ఒక జాజ్ క్లబ్‌కి కూడా వెళ్ళాం. లోపలికి రావడానికే మనిషికి 40 డాలర్లు, అది కాక కూర్చున్నందుకు 20 డాలర్లకి తక్కువ కాకుండా ఏదోటి తినాలి లేదా తాగాలి, రూలట! ఇద్దరికీ టిప్పుతో కలిపి పన్నెండు వేల రూపాయలు దాటింది. శ్రీరామనవమి పందిట్లో చాప మీద కూర్చుని కచేరీ వింటే ఎదురు పానకం వాళ్ళే ఇచ్చేవారు, ఇక్కడ ఐసు నిండిన కోక్‌కి పదకొండు డాలర్లు. మా ఆయన ముఖం చూడాలి మీరు.

బెన్నీ గోల్సన్ కూడా డబ్బు దగ్గరే ఊరు మారాడండీ. 1960ల చివర్లో లాస్ ఏంజిలిస్ వెళ్ళి మిషన్ ఇంపాసిబుల్, మాష్ లాంటి టీవీ సీరియల్స్‌కి మ్యూజిక్ రాస్తూ కొన్నేళ్ళు సాక్సఫోన్ పక్కన పెట్టేశాడు. నా వీణ కూడా విజయనగరంలో అమ్మ దగ్గరే ఉంది, తెచ్చుకుందాంలే అంటూనే బాబు స్కూలుకొచ్చాడు. సరే అది వేరే వీడియో. ఆయన మాత్రం మళ్ళీ పట్టుకున్నాడు, తొంభై దగ్గర పడ్డాక కూడా స్టేజీ మీదే, 2024లో 95 ఏళ్ళకి పోయాడు. ఆయన పోయేసరికి ఆ ఫొటోలో మిగిలింది సాక్సఫోన్ వాయించే సోనీ రోలిన్స్ ఒక్కరే.

అయ్యో, పార్కింగ్ మీటర్ అయిపోతోందని ఈయన కారులోంచి అరుస్తున్నారు, అత్తయ్యగారూ వింటున్నారా మీ అబ్బాయి గొంతు!