దిగుమతి సుంకం, ఆయిల్‌పామ్ గెల

శ్రోతలకు నమస్కారం. కాకినాడ రేవులో ఓడ నుంచి ట్యాంకుల్లోకి దిగే ముడి పామాయిల్‌కూ, ఏలూరు దగ్గరి పెదవేగి వైపు మెట్ట తోటల్లో కోతకు వచ్చే ఆయిల్‌పామ్ గెలకూ ఉన్న సంబంధం గురించి ఈ పూట మాట్లాడదలచాను. మన దేశం తనకు కావలసిన వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే తెచ్చుకుంటోంది. అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. అది ప్రధానంగా ఇండొనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అమలాపురంలో బజ్జీల బండి మీద కాగే మూకుడు దాకా చేరేది ఆ నూనే.

పామాయిల్ తీసేది ఆయిల్‌పామ్ గెలలోని పళ్ల నుంచే. ఇప్పుడు ఒక్క గెల సంగతి చూద్దాం. మొక్క నాటిన మూడు, నాలుగేళ్లకు గానీ అది చేతికి రాదు. ఎదిగిన చెట్టయితే పొడవాటి గెడకు బిగించిన కొడవలితో మట్ట తప్పించి గెలను కోస్తారు. అది ధబ్బున కిందపడగానే కొన్ని పళ్లు చెల్లాచెదురుగా రాలుతాయి. ఆడవాళ్లు వాటిని ఏరి సంచుల్లోకి ఎత్తుతారు. అక్కడి నుంచి రైతుకు గడియారంతో పోటీయే. కోసిన గెల 24 గంటల్లోగా ఫ్యాక్టరీకి చేరకపోతే పండులో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. కోనసీమ రైతు ధర లేనప్పుడు కొబ్బరిని కాయలోనే ఎండనిచ్చి కురిడీ చేసి నెలల తరబడి నిలవ ఉంచుకోగలడు. గెల మాత్రం ఆగదు. పైగా 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఏ మండలం పంట ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ముందే కేటాయించి ఉంటుంది కాబట్టి, మరోచోట బేరం చూసుకునే వీలు కూడా రైతుకు లేదు.

గెల ధర ముడి పామాయిల్ ధరను బట్టి ఉంటుంది. ఆ ధరను ఒకవైపు విదేశీ మార్కెట్టు, మరొకవైపు ఢిల్లీ విధించే సుంకం నడిపిస్తాయి. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. ఇక్కడ గెల ధర కూడా పెరిగింది. 2025 మే 30న, వినియోగదారులకు నూనె ధర భారమైందని, ముడి నూనెల సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. శుద్ధి చేసిన నూనె మీద మాత్రం 35.75 శాతం అలాగే ఉంచారు. ముడి నూనె తెప్పించి ఇక్కడే శుద్ధి చేసే మన రిఫైనరీలకు పని దొరకాలన్న ఆలోచన సబబైనదే, వంటింటి ఖర్చు తగ్గించాలన్న ఆలోచనా సబబైనదే. కానీ పాతికేళ్లకు పైగా కాసే చెట్టును నమ్ముకున్న మనిషికి రాత్రికి రాత్రి వచ్చే ఉత్తర్వు న్యాయం కాదని నా అభిప్రాయం. నూనె ధర ఏ మేరకు పడితే సుంకం ఎంత పెరుగుతుందో, ఏ మేరకు పెరిగితే ఎంత తగ్గుతుందో ముందుగానే ప్రకటించి, దానికి కట్టుబడి ఉండాలి.

ఆ పని ఢిల్లీలో జరగవలసి ఉంది. గెల మాత్రం ఆగదు. అందుకే తోటల రైతులకు ఒక్క మాట. సుంకం తగ్గుతుందన్న వార్త విని, ధర పడిపోకముందే అమ్మేద్దామని పచ్చి గెలలు కోయకండి. పచ్చి గెలలో నూనె తక్కువ. ధర లెక్కగట్టేటప్పుడు ఫ్యాక్టరీలో వచ్చే నూనె శాతాన్నీ చూస్తారు కాబట్టి, ఆ నష్టం చివరికి రైతులందరి మీదా పడుతుంది. పండ్ల నలుపు విరిగి నారింజ ఎరుపు తిరిగాక, చెట్టు మొదట్లో అయిదారు పళ్లు వాటంతట అవే రాలి కనిపించినప్పుడు కోయండి. రాలిన పళ్లలో నూనె ఎక్కువ. ఇసుక అంటకుండా ఏరి, వాటిని కూడా గెలలతో పాటే కాటాకు పంపండి.